కొత్త కారు ఎడమకు లాగుతుంటే: బోల్టు కదిలించక ముందే కొలతల కాగితం తీసుకోండి

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. కారు తీసుకుని నెలన్నర అయింది, మీటరు మీద 1,400 కిలోమీటర్లు ఉన్నాయి. హైవే మీద 80 దాటితే బండి ఎడమకు జరుగుతోంది. నేరుగా పోవాలంటే స్టీరింగ్‌ను కొద్దిగా కుడికి పట్టి ఉంచాల్సి వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేసే పని, చేశారు. స్టీరింగ్ నిలిచే తీరు మారింది గానీ లాగడం తగ్గలేదు. ఇప్పుడు "మెషీన్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఈ మోడల్ బండ్లన్నీ ఇంతే" అంటూ చేతులు దులుపుకుంటున్నారు. మూడోసారి బయట ఎక్కడైనా చేయించాలా అన్నది మీ ప్రశ్న.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. చక్రాల కొలతలతోనే రోజులు గడిచేవాడిగా చెబుతున్నాను: అలైన్‌మెంట్ మెషీన్ తెర మీద గళ్లన్నీ ఆకుపచ్చగా ఉండటం (అంటే కొలతలన్నీ కంపెనీ పరిమితుల్లోనే ఉండటం), కారు ఎడమకు లాగడం ఒకేసారి నిజం కావచ్చు. మీ సర్వీస్ అడ్వైజర్ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. చూడాల్సిన అంకెను చూడకపోయి ఉండవచ్చు. ఆ అంకె సంగతి కింద వివరంగా రాస్తాను. దానికంటే ముందు మీరే తేల్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటికి ఖర్చేమీ లేదు.

ముందుగా, మీ ఫిర్యాదులో రెండు సంగతులు కలిసిపోయాయి. కారు లాగడం వేరు, స్టీరింగ్ వంకరగా నిలవడం వేరు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 60 వేగంతో నేరుగా పోతూ, చేతులు స్టీరింగ్‌కు ఆనీ ఆననట్టు ఉంచి పట్టు సడలించండి. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వచ్చేసి, కారు ఎడమకు మళ్లితే అది లాగడం. స్టీరింగ్ ఆ వంకరలోనే ఉండిపోయి, కారు మాత్రం నేరుగా సాగిపోతే అది లాగడం కాదు. స్టీరింగ్ మధ్యస్థానం తప్పింది, అంతే. ఈ రెండోది చిన్న పని. ఒక పక్క టై రాడ్‌ను (స్టీరింగ్‌ను ముందు చక్రానికి కలిపే కడ్డీని) పొడిగించి, ఇంకో పక్కదాన్ని అంతే కుదిస్తే సరిపోతుంది. ఈ పరీక్షను ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట మాత్రం చేయకండి. వెనక 120 వేగంతో వచ్చేవాళ్లకు మీ ప్రయోగం సంగతి తెలియదు.

రెండుసార్లు చేసినా స్టీరింగ్ తీరు మాత్రమే మారిందంటే, వాళ్లు ముట్టుకున్నది ముందు చక్రాల టో ఒక్కదాన్నే అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. టో అంటే, పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికా అన్నది. ముందు చక్రాల టో తప్పితే ఆ తప్పును రోడ్డు మీద రెండు చక్రాలూ సగం సగం పంచుకుంటాయి. టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, కానీ బండి ఒక పక్కకు పట్టుబట్టి లాగదు. కాబట్టి టోను ఎన్నిసార్లు సరిచేసినా మీ సమస్య అక్కడే ఉంటుంది. మూడోసారి వద్దనడానికి కారణం ఇదే.

ఇక రోడ్డు సంగతి. వాననీరు పోవడానికి రోడ్డును పక్కకు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకు ఆ వాలు మామూలుగా రెండు, రెండున్నర శాతం. మూడున్నర మీటర్ల లేనుకు లెక్కవేస్తే ఒక అంచుకూ ఇంకో అంచుకూ ఎత్తులో ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా. మనం ఎడమ పక్కన నడుపుతాం, వాలూ ఎడమకే ఉంటుంది. అందుకని మన దేశంలో ఏ కారును వదిలేసినా అంతో ఇంతో ఎడమకే జారుతుంది. కుడికి లాగే కొత్త కారు వస్తే నేను పరీక్ష అక్కర్లేకుండానే అనుమానిస్తాను. ఎడమకు లాగేదాన్ని నడిపి చూశాకే నమ్ముతాను. "అన్ని బండ్లూ ఇంతే" అన్న మాటలో కొంత నిజం ఉన్నది ఇక్కడే. అది మీ కారు విషయంలో ఎంత నిజమో తేల్చడానికి ఒక మార్గం ఉంది. షోరూంలో అదే మోడల్ డెమో కారు ఉంటుంది. అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే రోడ్డు, ఒకే లేను, ఒకే వేగం, ముందు డెమో కారు, వెంటనే మీ కారు. రెండూ ఒకేలా జారితే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. డెమో కారు నాలుగైదు సెకన్ల పాటు లేనులోనే ఉండి, మీది రెండు సెకన్లకే గీత మీదికి వెళ్తే ఆయన ఇక ఆ మాట అనలేడు.

గాలి గురించి చెబితే చాలామందికి చిన్నతనంగా అనిపిస్తుంది. కొత్త కార్ల విషయంలో మాత్రం ఇది చిన్న సంగతి కాదు. ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన బండి రైలు మీదో ట్రైలర్ మీదో వచ్చి, స్టాక్ యార్డులో వారాలు, ఒక్కోసారి నెలలు ఒకే చోట నిలబడుతుంది. ఆ బరువుకు టైరు నేలకు ఆనిన చోట అణగిపోకుండా ఉండేందుకు గాలి మామూలుకంటే చాలా ఎక్కువ పెడతారు. డెలివరీకి ముందు చేసే తనిఖీలో దాన్ని దించాలి. 33 పీఎస్‌ఐ (టైరులో గాలిని కొలిచే లెక్క) ఉండాల్సిన చోట 40 దాటి ఉన్న కార్లు కస్టమర్ చేతికి రావడం అరుదేమీ కాదు. డెలివరీ రోజున నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు సరిగ్గా పడ్డాయో లేదో చూసేవాళ్లు ఉంటారు గానీ, ఆ టైర్లలో గాలి ఎంత ఉందో చూసేవాళ్లు తక్కువ. గాలి ఎక్కువైతే బండి రోడ్డు మీద నిలకడ లేకుండా అటూ ఇటూ పోతుంది. ముందు రెండు టైర్ల మధ్య నాలుగైదు పీఎస్‌ఐ తేడా ఉంటే తక్కువ గాలి ఉన్న పక్కకు లాగుతుంది. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీది అంకె ప్రకారం నాలుగూ సరిచూడండి. పెట్రోలు బంకు దాకా నడిపి వెళ్తే టైరు వేడెక్కి అంకె పెరుగుతుంది కాబట్టి ఇంట్లో చిన్న గేజి ఉండటం మేలు.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. తర్వాతి అనుమానం టైరు మీదే, చక్రాల కోణాల మీద కాదు. రేడియల్ టైరు లోపల ఉక్కు తీగల బెల్టు ఉంటుంది. తయారీలో అది సరిగ్గా మధ్యలో కాకుండా వెంట్రుకవాసి పక్కకు పడితే, టైరు పైకి గుండ్రంగానే కనిపించినా, దొర్లేటప్పుడు ఒక అంచు కాస్త చిన్నదన్నట్టు ప్రవర్తిస్తుంది. కాగితపు టీ కప్పును బల్ల మీద దొర్లిస్తే నేరుగా పోకుండా సన్నని వైపుకు తిరిగిపోతుంది కదా, అదే పని. ఈ లోపం కంటికి కనబడదు, అలైన్‌మెంట్ మెషీన్‌కు అసలు కనబడదు. ఆ మెషీన్ కొలిచేది రిమ్ముకు బిగించిన పలకల కోణాన్ని. టైరు గుణం దానికి తెలియదు.

దీన్ని పట్టుకోవాలంటే ముందున్న రెండు చక్రాలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి అదే రోడ్డు మీద నడపాలి. లాగడం కుడికి మారిందా, దోషం టైరుదే. లాగడం పూర్తిగా పోయిందా, అప్పుడూ టైర్ల మీదే అనుమానం. ఏమీ మారకుండా ఎడమకే లాగుతోందా, టైర్లు నిర్దోషులు, కోణాల వైపు చూడాలి. టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా పక్కలు మార్చకూడదు. ఒకే పక్కన ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు వేసి చూడాలి. పావుగంట పని ఇది. అయినా సర్వీస్ సెంటర్లలో అడిగితే తప్ప చేయరు. అలైన్‌మెంట్‌కు బిల్లు వేయవచ్చు, చక్రాలు మార్చి చూడటానికి ఏమని వేస్తారు?

ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల కస్టమర్‌కు చెప్పకుండా లోపమున్న టైరును వెనక్కి మార్చి "సరిచేశాం" అంటారు. వెనక ఉన్నప్పుడు దాని ప్రభావం స్టీరింగ్ మీద బాగా తగ్గుతుంది కాబట్టి నిజంగానే కారు నేరుగా పోతుంది. పదివేల కిలోమీటర్ల దగ్గర టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు వేసినప్పుడు ఆ పాత జబ్బు మళ్లీ ముందుకు వస్తుంది, అప్పటికి టైరు అరిగింది అంటారు. చక్రాలు ఏవి ఎక్కడికి మార్చారో జాబ్ కార్డు (మీ ఫిర్యాదు, చేసిన పని రాసే కాగితం) మీద రాయించుకోండి. టైరు లోపమని తేలితే దాని వారంటీ టైరు కంపెనీది. కానీ కొత్త కారుతో పాటు వచ్చిన టైరుకు ఆ దరఖాస్తు నడిపించే పని షోరూంకే అప్పజెప్పండి.

చక్రాలు మార్చినా ఎడమకే లాగితే, కోణాల జోలికి పోయే ముందు బ్రేకు ఒకటి చూడాలి. ఏదో ఒక పక్క బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టుకుని ఉంటే కారు ఆ పక్కకు లాగుతుంది. గట్టిగా బ్రేకు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, అరచేతిని రిమ్ముకు దగ్గరగా పెట్టి చూడండి. ముట్టుకోవద్దు. ఒక పక్కది మరీ వేడిగా సెగలు కక్కుతుంటే సంగతి తెలిసిపోతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే అది పూర్తిగా బ్రేకు సమస్య. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ చేతిలో మెలితిరిగితే, ముందు చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో అది కొంతవరకు సహజం.

ఇప్పుడు అసలు అంకె. అలైన్‌మెంట్ కాగితంలో ముందు చక్రాలకు మూడు వరసలు ముఖ్యం: క్యాంబర్, క్యాస్టర్, టో. అవి డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. డిగ్రీకి 60 నిమిషాలు. కొన్ని మెషీన్లు దశాంశాల్లో ఇస్తాయి, అక్కడ 0.50 అంటే 30 నిమిషాలని గుర్తుంచుకోండి.

క్యాంబర్ అంటే, ముందునుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత ఒరిగిందన్నది. పైభాగం కారు వైపు ఒరిగితే మైనస్. ఉదాహరణకు, కంపెనీ చెప్పిన కొలత మైనస్ 0°30′, అటూ ఇటూ 30 నిమిషాల వెసులుబాటు అనుకుందాం. అంటే సున్నా నుంచి మైనస్ 1°00′ వరకు ఎక్కడున్నా మెషీన్ ఆకుపచ్చ రంగే చూపిస్తుంది. ఇప్పుడు మీ ఎడమ చక్రం మైనస్ 0°10′, కుడి చక్రం మైనస్ 0°50′ ఉన్నాయనుకోండి. రెండూ పచ్చగానే ఉంటాయి. కానీ రెండింటి మధ్య తేడా 40 నిమిషాలు. కారు ఎప్పుడూ క్యాంబర్ ప్లస్ వైపుకు ఎక్కువగా ఉన్న చక్రం వైపే లాగుతుంది, అంటే ఇక్కడ ఎడమకు. దానికి రోడ్డు ఎడమ వాలు కూడా తోడైతే మీరు వర్ణించిన కారే తయారవుతుంది. గళ్లన్నీ పచ్చగా ఉన్నాయన్న అడ్వైజర్ మాట నిజం, కారు లాగుతోందన్న మీ మాటా నిజం.

క్యాస్టర్‌కు కూడా ఇదే లెక్క, దిశ మాత్రం తిరగబడుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ ఇరుసు చుట్టూ పక్కకు మళ్లుతుందో, ఆ ఇరుసు పక్కనుంచి చూస్తే ఎంత వెనక్కి వాలిందన్నది క్యాస్టర్. కారు క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకు లాగుతుంది. ఎడమ 3°40′, కుడి 4°15′ ఉంటే ఎడమకే లాగుడు. క్యాంబర్ తేడా, క్యాస్టర్ తేడా రెండూ ఒకే పక్కకు లాగితే కలిసి బలపడతాయి. ఎదురెదురుగా ఉంటే ఒకదాన్నొకటి కొంత మింగేస్తాయి. అందుకే ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. రెండు పక్కల మధ్య తేడా అరడిగ్రీకి దగ్గరగా వస్తే నేను దాన్ని వదిలిపెట్టను. చాలా కంపెనీలు తమ రిపేరు మాన్యువల్‌లో ఈ ఎడమ కుడి తేడాకు విడిగా ఒక పరిమితి ఇస్తాయి. మెషీన్ ఆపరేటర్ చూసే మొదటి తెర మీద అది ఉండకపోవచ్చు. "ఈ మోడల్‌కు ఎడమ కుడి క్యాంబర్ తేడా ఎంతవరకు ఉండవచ్చో మాన్యువల్‌లో చూపించండి" అని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ చూపించేదాకా కదలకండి.

ఇక్కడే మరో ముడి ఉంది. మన దగ్గర తిరిగే మామూలు హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న ఎస్‌యూవీలలో ఎక్కువ వాటికి ముందు స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి నిలువుగా చక్రాన్ని పట్టి ఉంచే అమరిక), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డదూలం) ఉంటాయి. వీటిలో తిప్పి సరిచేయడానికి కంపెనీ వీలు పెట్టింది సాధారణంగా ముందు టో ఒక్కదానికే. క్యాంబర్‌కు, క్యాస్టర్‌కు, వెనక చక్రాలకు తిప్పే బోల్టు ఏదీ ఉండదు. కుర్ర మెకానిక్ "అది అడ్జస్ట్ కాదు సార్" అంటే నిజమే చెప్పినట్టు. కానీ తిప్పే వీలు లేదంటే సరిచేసే వీలు లేదని కాదు. చక్రం హబ్బు ఉండే నకిల్‌ను స్ట్రట్‌కు పట్టి ఉంచే రెండు బోల్టుల రంధ్రాల్లో కాస్త సందు ఉంటుంది. వాటిని వదులు చేసి, చక్రం పైభాగాన్ని కావలసిన వైపు నొక్కిపట్టి మళ్లీ చెప్పిన బిగువుకు బిగిస్తే కొంత క్యాంబర్ మారుతుంది. నాకు ఇంతకంటే ఇష్టమైనది సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్ భాగాలను మోసే అడుగు చట్రం) పరీక్ష. పై ఉదాహరణ మళ్లీ చూడండి: ఉండాల్సింది మైనస్ 30 నిమిషాలు, ఎడమది 20 నిమిషాలు ప్లస్ వైపుకు, కుడిది సరిగ్గా 20 నిమిషాలు మైనస్ వైపుకు. తప్పు రెండు పక్కలా సమానంగా, ఎదురెదురు దిశల్లో ఉంది. ఒక స్ట్రట్ వంగితే ఒక్క పక్కే తప్పుతుంది. ఇలా తూకం వేసినట్టు తప్పదు. చక్రాల అడుగుభాగాన్ని పట్టి ఉంచే కింది ఆర్ములను మోసే సబ్‌ఫ్రేమ్ మొత్తం కాస్త కుడికి జరిగి బిగుసుకుంటే ఇలా అవుతుంది. కుడి చక్రం అడుగు బయటికి, ఎడమ చక్రం అడుగు లోపలికి పోతాయి. సబ్‌ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి మధ్యకు జరిపి బిగిస్తే రెండు పక్కలూ ఒకేసారి దారికొస్తాయి. కొత్త భాగం ఒక్కటీ అక్కర్లేదు. ఆ తర్వాత టో మళ్లీ సరిచేయాలి, అది వేరే సంగతి.

వెనక చక్రాల అంకెలు కూడా చదవండి. వెనక ఒక చక్రం టో ఎక్కువ, ఇంకోదానిది తక్కువ ఉంటే, వెనక ఇరుసు కారును కొద్దిగా ఏటవాలుగా నెడుతుంది. కాగితంలో దాన్ని థ్రస్ట్ యాంగిల్ అని చూపిస్తారు. నేరుగా పోవడానికి ముందు చక్రాలు ఆ మేరకు తిరిగి ఉండాల్సి వస్తుంది, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. టోర్షన్ బీమ్ బిగింపు తప్పినా, బీమే వంగినా ఇదే లక్షణం.

కొత్త కారుకు ఇవన్నీ ఎందుకు వస్తాయని మీకు అనిపించడం న్యాయమే. ఫ్యాక్టరీలో బిగింపులో కొద్దిపాటి తేడా, అది వెసులుబాటు లోపలే ఉండటం ఒక కారణం. ట్రైలర్ మీద బండిని కట్టేటప్పుడు పట్టీ వేయకూడని చోట వేసి బిగించడం ఇంకొకటి. చాకన్ ఫ్యాక్టరీ నుంచో మానేసర్ ఫ్యాక్టరీ నుంచో హైదరాబాద్ చేరేసరికి కారు ఎక్కడమూ దిగడమూ, యార్డులో రాయికో గట్టుకో చక్రం తగలడమూ జరగవచ్చు. కొన్నాక మీరు ఏదైనా గుంతలో గట్టిగా పడేసి ఉండవచ్చు కూడా. అది మీరే నిజాయితీగా చెప్పుకోవాలి. ఎందుకంటే వారంటీ అడిగినప్పుడు వాళ్లు ముందుగా అనే మాట అదే.

అందుకే నేను అన్నిటికంటే ముందుగా చెప్పేది: ఏ బోల్టూ కదిలించక ముందు కొలిచిన కాగితం. ప్రతి కంప్యూటర్ మెషీన్ సరిచేయక ముందు కొలతలను, సరిచేశాక కొలతలను పక్కపక్కన ముద్రించగలదు. మీకు రెండుసార్లు చేసినప్పటి మొదటి కాగితం ఇచ్చారా? ఇవ్వకపోతే అడగండి, మెషీన్‌లో రికార్డు ఉండవచ్చు. కారు ఏ స్థితిలో మీ చేతికొచ్చిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. కొత్త కారు కొనబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటి వారంలోనే "సరిచేయొద్దు, కొలిచి కాగితం ఇవ్వండి చాలు" అని చేయించుకోండి. కొన్ని వందల రూపాయల ఖర్చు. మొదటి సర్వీసులో అడక్కుండానే అలైన్‌మెంట్ బిల్లు వేసేవాళ్లకు ఆ డబ్బు ఇవ్వడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

కొలిచేటప్పుడు మీరు దగ్గర నిలబడండి. మెషీన్‌లో మీ కారు మోడల్, సంవత్సరం సరిగా ఎంచుకున్నారా? గాలి చూశారా? చక్రాలకు పలకలు బిగించాక కారును కాస్త ముందుకూ వెనక్కీ దొర్లించి రిమ్ము వంకరను లెక్కలోంచి తీసేశారా? ముందు చక్రాల కింద తిరిగే పళ్లేల పిన్నులు తీశారా? క్యాస్టర్ కొలవడానికి చక్రాలను ఎడమకూ కుడికీ తిప్పారా? ఈ చివరిది ఎక్కువమంది ఎగ్గొట్టేది. కాగితంలో క్యాస్టర్ గడి ఖాళీగా ఉంటే తిప్పలేదని అర్థం. సరిచేసేటప్పుడు మొదట వెనక చక్రాలు, ఆ తర్వాతే ముందువి చూడాలి. టో తిప్పే ముందు స్టీరింగ్‌ను నిటారుగా పెట్టి కడ్డీతో కట్టేయాలి. పని అయ్యాక టై రాడ్ లాక్ నట్టు బిగించారా, పక్కనే ఉన్న రబ్బరు తొడుగు (బెల్లోస్) మెలితిరిగి ఉండిపోయిందా చూడండి. అలా మెలితిరిగిన బెల్లోస్ కొన్నాళ్లకు చిరిగి, లోపలికి నీరు, మట్టి చేరతాయి. స్టీరింగ్ రాక్ (టై రాడ్లను అటూ ఇటూ జరిపే భాగం) మార్చే ఖర్చు ముందు అలైన్‌మెంట్ ఖర్చు ఏపాటిది?

మీ కారులో కెమెరా సాయంతో లేను పట్టి ఉంచే సదుపాయం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే పరీక్ష సమయంలో దాన్ని ఆపేయండి. గీతలు సరిగా లేని రోడ్డు మీద ఆ సదుపాయమే స్టీరింగ్‌ను ఒక పక్కకు తోస్తుంది, దాన్ని అలైన్‌మెంట్ తప్పు అనుకుని వచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. విద్యుత్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో స్టీరింగ్ మధ్యస్థానం మారిస్తే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే యాంగిల్ సెన్సర్‌కు కొత్త సున్నా ఎక్కడో స్కానర్ పెట్టి నేర్పాల్సి రావచ్చు. చక్రాలు నేరుగా ఉన్నా సెన్సర్ ఇంకా పాత మధ్యస్థానాన్నే నమ్ముకుని ఉంటే, మోటారు ఒక పక్కకు సన్నగా సాయం చేస్తూనే ఉండవచ్చు. మీకు రెండుసార్లు టో తిప్పారు కాబట్టి ఈ పని చేశారో లేదో తప్పక అడగండి.

వారంటీ గురించి. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చేయడం) చాలా కంపెనీల వారంటీలో ఉండవు. యజమాని చేయించుకోవాల్సిన మామూలు పనులుగా లెక్కవేస్తారు. అడ్వైజర్ ఈ మాట చెప్పగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర్లేదు. తిప్పడానికి బోల్టు ఉన్న కోణం తప్పితే అది సర్దుబాటు, సరే. తిప్పడానికి కంపెనీయే వీలు పెట్టని కోణం కొత్త కారులో పరిమితి దాటి ఉంటే దాన్ని సర్దుబాటు అని ఎలా అంటారు? అది భాగంలో లోపమో బిగింపులో లోపమో. గుంతలో పడిన గుర్తు రిమ్ము మీద లేనప్పుడు అది వారంటీ కిందికే రావాలని నేను వాదిస్తాను. ఈ వాదన కాగితం మీద అంకెలతో చేస్తే నిలుస్తుంది, "కారు లాగుతోంది" అని మాత్రమే అంటే నిలవదు.

జాబ్ కార్డు మీద ఏం రాస్తున్నారో చూడండి. "వీల్ అలైన్‌మెంట్" అని రాస్తే మీరు ఒక పని చేయమని అడిగినట్టు, వాళ్లు చేసినట్టు, కథ ముగిసినట్టు. "80 వేగంలో వాహనం ఎడమకు లాగుతోంది, రెండుసార్లు అలైన్‌మెంట్ తర్వాత కూడా" అని రాయించండి. అప్పుడు అది తీరని ఫిర్యాదుగా రికార్డులో ఉంటుంది. అక్కడ కదలిక లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు కాగితాల ఫొటోలతో మెయిల్ పెట్టి, ప్రాంతీయ సర్వీస్ ఇంజనీరు సమక్షంలో రోడ్డు పరీక్ష అడగండి. నా అనుభవంలో ఎక్కువ కేసులు ఆ ఇంజనీరు వచ్చిన రోజే తేలిపోతాయి. సబ్‌ఫ్రేమ్ వదులు చేసే పనికి వర్క్‌షాపు వాళ్లకు పైనుంచి ఒక మాట కావాలి, అంతే. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కమిషన్‌కు వెళ్లడానికి సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్ల గడువుంటుంది.

ఈలోగా కారు నడపవచ్చా అంటే, నడపవచ్చు, కానీ టైర్ల మీద కన్నేసి ఉంచండి. రెండుసార్లు తిప్పిన టో ఇప్పుడు ఎక్కడుందో మనకు తెలియదు. టో మొత్తం 3 మిల్లీమీటర్లు తప్పిందనుకుందాం. టైరు వ్యాసం సుమారు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ లెక్కన కారు కిలోమీటరు పోయేసరికి ముందు రెండు టైర్లూ కలిసి 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. ఒక్కో టైరుకు రెండున్నర మీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఇలా ఈడ్చుకుంటూ వెళ్తే టైరు మీద ఏం మిగులుతుందో ఊహించండి. మొదట్లో ఇది కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. బండి ఆపి, అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకు ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమరండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపం పళ్లలా గరగర తగిలితే టో తప్పింది. ఒక భుజం మాత్రమే నున్నబడితే క్యాంబర్ మీద అనుమానం. రెండు భుజాలూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. వేగంలో స్టీరింగ్ వణుకుతోందని మీరు రాయలేదు కాబట్టి బ్యాలెన్సింగ్ జోలికి పోవడం లేదు; అది వేరే సమస్య, వేరే పని.

గాలి సరిచూసి, చక్రాలు మార్చి నడిపి, అప్పటికీ ఎడమకే లాగితే కొత్తగా ఒక్కసారి కొలిపించండి, సరిచేయించకండి. కాగితం చేతికొచ్చాక ముందు రెండు చక్రాల క్యాంబర్, క్యాస్టర్, వెనక రెండు చక్రాల టో, థ్రస్ట్ యాంగిల్ ఇక్కడ రాయండి. కంపెనీ ఇచ్చిన పరిమితుల వరస కూడా ఆ కాగితంలోనే ఉంటుంది, దాన్నీ రాయండి. కారు మోడల్, రిమ్ము సైజు మర్చిపోకండి. షోరూం రిమ్ములు తీసేసి బయట వెడల్పు టైర్లు వేయించి ఉంటే అది కూడా చెప్పండి, అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది.